ఆఖరి గడిలో సున్నా

పోయిన వేసవిలో నాలుగు నెలల పాటు నేను జోగిమెట్ట ఆవలో నీళ్లు పరీక్ష చేసే పని చేశాను. ఆ పని ముగిసేసరికి మా నాన్న ఉద్యోగం పోయింది. పోగొట్టింది నేనేనని మా అమ్మ ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొండల నుంచి దిగిన నీళ్లు పల్లంలో నిలిచి, ఏ కాలంలోనూ ఎండకుండా ఉండే పెద్ద మంచినీటి సరస్సుని మా వైపు ఆవ అంటారు. జోగిమెట్ట ఆవకి నర్సీపట్నం నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. కృష్ణదేవిపేట రోడ్డు మీద వెళ్తూ మధ్యలో లోపలికి తిరగాలి. ఒడ్డు మీదే నీటి పథకం ఉంది. ఎనిమిది ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి. మా నాన్న జ్ఞానానందం అక్కడ పంపు ఆపరేటరు. నీళ్లు తోడడం, బ్లీచింగ్ కలపడం, ఊళ్లకి వదలడం ఆయన పని. పేరుకి కాంట్రాక్టు ఉద్యోగమే కానీ పంతొమ్మిదేళ్లుగా ఒక్కడే చేస్తున్నాడు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి టౌనులో ఒక మందుల షాపులో పనిచేస్తూ ఉన్నాను. ఫిబ్రవరిలో ఒక పరిశోధన సంస్థ వాళ్లు పెద్ద సరస్సుల నీటి నాణ్యత మీద ప్రాజెక్టు మొదలుపెట్టి, మా ఆవని కూడా అందులో చేర్చుకున్నారు. సోమవారం, గురువారం నమూనాలు తీసి పంపడానికి ఇక్కడి మనిషి కావాలన్నారు. ఆ కబురు తెచ్చింది నాన్నే.

"మందులమ్ముకుంటే ఏటొత్తాదే? నువ్వు సదివిన సదువుకి ఇదీ పనంటే," అన్నాడు. అన్నం తింటూ అమ్మ వైపు చూసి, "మన జెన్నీ సైంటిస్టు అయిపోతాదే సువర్ణమ్మా," అని నవ్వాడు.

పని నేర్పడానికి సైంటిస్టు వీరేంద్రగారు వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఎండకి మొహం ఎర్రగా కందిపోయినా టోపీ పెట్టుకోవడం మరిచిపోయే మనిషి. పడవ నడిపేది కొండన్న. ఆవలో చేపలు పట్టుకునే వాళ్లలో పెద్దవాడు. వీరేంద్రగారు నలుపు తెలుపు రంగులేసిన పళ్లెమంత రేకుని తాడుకి కట్టి నీళ్లలోకి దించారు. అది ఎంత లోతులో కంటికి కనబడకుండా పోతుందో ఆ లెక్క రాసుకోవాలి. తరవాత మీటరు పెట్టి నీళ్లలో ఉన్న ఆక్సిజన్, ఆ తరవాత సీసాల్లో నీళ్లు పట్టి ఐసు పెట్టెలో సర్దడం. ఆ పెట్టెని బస్సులో విశాఖ ల్యాబుకి పంపాలి.

"ఈ పళ్లెం కనపడకపోతే ఏటైనట్టు బాబూ?" అని కొండన్న అడిగాడు.

"నీళ్లు తేటగా లేవని."

"దానికింత సామానేల? నన్నడిగితే సెప్పనా?" అని కొండన్న దోసెడు నీళ్లు తీసుకుని తాగేశాడు.

వీరేంద్రగారు కూడా నవ్వారు. ఆయన నాకు చెప్పిన మాట ఒకటే. "మీకు ఏమనిపించిందో రాయొద్దు. ఏం కనిపించిందో అది రాయండి. చూడలేకపోతే గడి ఖాళీగా వదిలేయండి. అంచనా వేసి మాత్రం నింపొద్దు."

ఆ ఫారంలో పదకొండు గడులు. పది ఆవకి సంబంధించినవి. పదకొండోది మాత్రం నాన్న దగ్గరిది. ఊళ్లకి వదిలే ముందు ట్యాంకు నీళ్లలో ఎంత క్లోరిన్ మిగిలి ఉందో చూడాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తిరగకపోతే లేనట్టు.

మొదటి రోజు నేను చుక్కలు వేస్తుంటే నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు పసుపుగా మారాయి.

"సూసినావా?" అన్నాడు, ఎవరూ లేని ఆ పంపు షెడ్డులో నలుగురికి వినిపించేలా. "పంతొమ్మిదేళ్ల నుంచి ఏత్తన్నాను. ఒక్కడంటే ఒక్కడొచ్చి సూసిన పాపాన పోలేదు. ఆకరికి నా కూతురొచ్చి సూసింది."

మార్చి నెలాఖరు దాకా ప్రతి ఫారంలోనూ ఆ గడి బాగానే ఉంది. రేకు రెండు మీటర్ల లోతు దాకా కనబడేది.

ఆ ఏడాది ఆవలో చేపల వేలం పాట రమణబాబు పాడుకున్నాడు. ఇరవై పెద్ద వలల బోనులు కట్టి వాటిలో చేపలు పెంచసాగాడు. పొద్దున్నే ఒక వ్యాను నీలం డ్రమ్ములతో వచ్చేది. వాటిలో కోడి పేగులు, ఈకలు, చర్మాలు. అవి చేపలకి మేతగా బోనుల్లోకి గుమ్మరించి, డ్రమ్ములు ఆవలోనే కడిగి వెళ్లిపోయేవారు. ఎండలు ముదిరి, నీళ్లు తగ్గి, ఏప్రిల్ వచ్చేసరికి ఆవ రంగు మారింది. రేకు ముందు మీటరున్నర దగ్గర కనబడకుండా పోయింది. తరవాత మీటరు. తరవాత జానెడు. ఒడ్డు పొడుగునా ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు నాచు తెట్టు కట్టింది. తెడ్డు ఎత్తితే పచ్చగా జారేది. కొండన్న ఇంటి నుంచి సీసాలో నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

"దాహానికి ఇక్కడే తాగేవోడివి కదా కొండన్నా?" అన్నాను.

"మరి నీ పళ్లెం ఏటి సెప్తంది?" అన్నాడు. నవ్వలేదు.

గుడ్ ఫ్రైడే ముందు రోజు గురువారం. ట్యాంకు నీళ్లలో చుక్కలు వేశాను. రంగు తిరగలేదు. గొట్టం కడిగి, మళ్లీ పట్టి, మళ్లీ వేశాను. అలాగే ఉంది.

"రోజూ నాలుగు కేజీలేత్తాను. నెల మొదట్నుంచి నీళ్లు సూసి ఆరేత్తన్నాను," అన్నాడు నాన్న. నా చేతిలో గొట్టం తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. లోపలికి వెళ్లి ఇంకో రెండు కేజీలు కలిపి వచ్చాడు. గంట ఆగి మళ్లీ చూశాం. నీళ్లలాగే ఉన్నాయి నీళ్లు.

వీరేంద్రగారికి ఫోను చేశాను. "అంతే అవుతుంది జెన్నీ గారూ. ఆ నాచు, ఆ కుళ్లు క్లోరిన్ని ముందే తినేస్తాయి. ఎంత వేసినా చివరికి మిగలదు. ముందు ఆవలోకి వచ్చే చెత్త ఆపాలి."

"ఆపమని ఎవరికి చెప్పాలి సార్?"

"రిపోర్టులో పెడతాం."

"రిపోర్టు ఎప్పుడొస్తుంది?"

"ఆగస్టులో."

ఫోను పెట్టేసి ఫారం ముందు కూర్చున్నాను. పది గడులూ నింపాను. పదకొండోది దగ్గర పెన్ను ఆగింది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"నీకు ఏటి కనపడింది?" అన్నాడు.

"సున్నా నాన్నా."

"మరి సున్నాయే రాయి. మనం దాచితే పైవోళ్లకెలగ తెలుత్తాది? ఇది సూత్తేనైనా ఆ రమణబాబు బోనులు తీయిత్తారు."

రాశాను. కింద సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం నాన్న నా ఎదురుగానే మండలం ఇంజనీరు తాతాజీగారికి ఫోను చేశాడు. "సార్, బ్లీచింగ్ రెండింతలు పడతంది సార్. నెలకిచ్చిన బస్తాలు ఇరవయ్యో తారీఖుకే అయిపోతాయి. ఒకసారొచ్చి నీళ్లు సూడండి సార్." అవతలి వైపు ఏమన్నారో గానీ నాన్న "సరే సార్, సరే సార్" అని పెట్టేశాడు. ఆ తరవాత ఇంకో మూడుసార్లు చేశాడు. ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. ఫోనులో చెప్తే చెప్పినట్టే అనుకునే మనిషి. గుడ్ ఫ్రైడే నాడు కూడా తెల్లవారకముందే వెళ్లి, బ్లీచింగ్ కలిపి, నీళ్లు వదిలి, మధ్యాహ్నం సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకి చర్చికి వచ్చాడు. చేతులు ఇంకా బ్లీచింగ్ వాసన వేస్తూనే ఉన్నాయి.

ఏప్రిల్ బస్తాలు అయిపోగానే నాన్న మే నెల బస్తాలు విప్పి వేశాడు. అయినా ఆ తరవాత ఆరు ఫారాల్లోనూ ఆఖరి గడిలో సున్నాలే.

మే రెండో వారంలో మేటివలసలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పంపు షెడ్డుకి అన్నిటికన్నా దగ్గర ఊరు అదే. రెండు రోజుల్లో అరవై మందికి పైగా ఆసుపత్రిలో పడ్డారు. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. మూడో రోజు గున్నమ్మ చనిపోయింది. ఆవ గట్టు మీద కూర్చుని జీడిపిక్కలు ఒలిచే ముసలమ్మ. నేను నమూనాలు తీసి ఒడ్డెక్కితే, "ఏటే గుంటా, ఎండకి నల్లగైపోనావు," అని నా చేతిలో ఒక జీడిపండు పెట్టేది.

ఆ రోజు ఊరివాళ్లు పంపు షెడ్డు మీదకి వచ్చారు. స్విచ్ బోర్డు బద్దలుకొట్టారు. నాన్న చొక్కా చింపారు. ఆయన ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు ఇస్తే తాగకుండా పక్కన పెట్టి, "గున్నమ్మ పోయిందంట సువర్ణమ్మా," అని మాత్రం అన్నాడు.

విచారణ పది రోజుల తరవాత నర్సీపట్నంలో జరిగింది. విశాఖ నుంచి ఒక పెద్ద ఇంజనీరుగారు వచ్చారు. మర్యాదస్తుడే. నన్ను కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు. ఒక పక్క తాతాజీగారు, ఒక పక్క వీరేంద్రగారు. నాన్న గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు.

ఇంజనీరుగారు నా ఫారాలు బల్ల మీద వరసగా పరిచారు. ఏడు.

"ఈ చేతిరాత మీదేనా అమ్మా?"

"అవునండి."

"ఈ సంతకం?"

"నాదేనండి."

"ట్యాంకు నీళ్లలో క్లోరిన్ సున్నా అని ఏడు సార్లు రాశారు. మీరు కళ్లారా చూసే రాశారు కదా?"

"చూసే రాశానండి."

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నారు. అంతే. దాని వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని నేను ఎదురు చూశాను. లేదు. నేనే మొదలుపెట్టాను.

"సార్, అదే ఫారంలో పైన చూడండి. రేకు జానెడు లోతులో కూడా కనబడలేదు. ఆక్సిజన్ ఎలా పడిపోయిందో రాశాను. నాచు లెక్క కోసం సీసాలు పంపాను. నాన్న బ్లీచింగ్ రెండింతలు వేశారండి. ఆవ నీళ్లలో కుళ్లు ఉండబట్టి క్లోరిన్ మిగల్లేదు."

ఇంజనీరుగారు వీరేంద్రగారి వైపు చూశారు. వీరేంద్రగారు గొంతు సవరించుకున్నారు.

"ఏప్రిల్, మే సీసాలు ల్యాబుకి చేరేసరికి ఐసు కరిగిపోయింది సార్. బస్సులు ఆలస్యమయ్యాయి. అందుకని ఆ నాచు లెక్కలు నమ్మదగినవి కావని ల్యాబు వాళ్లు పక్కన పెట్టారు."

"మరి క్లోరిన్ లెక్క?"

"అది అక్కడికక్కడే చూసేది సార్. దానికి ఐసుతో పని లేదు."

"అంటే అది నమ్మొచ్చు."

వీరేంద్రగారు ఒక్క క్షణం నా వైపు చూశారు. "నమ్మొచ్చు సార్," అన్నారు.

"రేకు? మీటరు?" అన్నాను నేను. "అవి కూడా అక్కడికక్కడ చూసినవే కదండీ?"

"అది ఆవ సంగతమ్మా. ఆవ మీద మీ సంస్థ వాళ్ల రిపోర్టు ఆగస్టులో వస్తుంది కదా," అన్నారు ఇంజనీరుగారు, చాలా సౌమ్యంగా. "నేను వచ్చింది ట్యాంకు సంగతి చూడ్డానికి." అని నాన్న వైపు తిరిగారు. "ఏప్రిల్ కోటా బస్తాలు ఇరవయ్యో తారీఖుకే అయిపోయాయి. నీళ్లలో చూస్తే మందు లేదు. ఎక్కడికి పోయాయి జ్ఞానానందం?"

నాన్నకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలోకి నేను చూడలేకపోయాను.

"నీళ్లలోనే ఏసేను సార్," అన్నాడు. "తాతాజీగారికి ఫోన్ చేసి సెప్పేను కదా సార్, నాలుగుసార్లు."

తాతాజీగారు గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, "రోజుకి ఎన్నో ఫోన్లు వస్తాయి సార్. ఇలాగని చెప్పినట్టు నాకు గుర్తు లేదు," అన్నారు.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర వీరేంద్రగారు నన్ను ఆపారు. "మీరు పని చాలా శుద్ధంగా చేశారు జెన్నీ గారూ. మీ తప్పేం లేదు. నేను అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు."

"నాకు తెలుసు సార్," అన్నాను. మర్నాడు మీటరు, రేకు, మిగిలిన సీసాలు పెట్టెలో సర్ది విశాఖ బస్సుకి వేసేశాను. ఆ తరవాత వాళ్లకి నేను మళ్లీ ఫోను చేయలేదు.

నాన్నని పనిలోకి రావద్దన్నారు. ఆయన బండి ఇంటి ముందే ఉండిపోయింది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, చొక్కా వేసుకుని, వెళ్లడానికి చోటు లేక చర్చి ఆవరణలో మొక్కలకి నీళ్లు పోసి వచ్చేవాడు. అమ్మ నాతో ముభావంగా ఏమీ లేదు. అన్నం పెట్టేది, తల దువ్వేది. అయితే ఒకరోజు బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ గడి కాళీగా ఒగ్గీడానికి కుదరదేటే?"

చూడలేకపోతే వదిలేయొచ్చు. నేను చూశాను. అమ్మ పక్కన కూర్చుని నేనూ బియ్యం ఏరాను.

జూన్ మొదట్లో తాతాజీగారు మా ఇంటికి వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అమ్మ ఇచ్చిన టీ పూర్తిగా తాగారు.

"మనిషి పోయింది కాబట్టి పోలీసు కేసు పెట్టాలంటున్నారు జ్ఞానానందం. బస్తాలు అమ్ముకున్నావని కూడా అందులో రాస్తారు. అంతవరకు పోకుండా నేను మాట్లాడాను. అజాగ్రత్త వల్ల ఫలానా తేదీ నుంచి బ్లీచింగ్ సరిగా వేయలేదని ఒక ఉత్తరం రాసిచ్చి ఉద్యోగం మానేస్తే, ఇక్కడితో అయిపోతుంది."

"సరిగా ఏసేను కదా సార్," అన్నాడు నాన్న.

"నాకు తెలుసయ్యా," అన్నారు తాతాజీగారు. నాకిప్పటికీ నిద్రపట్టనివ్వని మాట అదే. ఆయనకి తెలుసు. కప్పు కింద పెట్టి, బూట్లు వేసుకుని వెళ్లిపోయారు.

నాన్న కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీ రాత బాగుంటాది. రాయి."

"నేను రాయను నాన్నా. కేసు పెట్టుకోనీ. కోర్టులో ఫారాలన్నీ చూపిద్దాం. కొండన్న చేత చెప్పిద్దాం."

"కొండన్న ఇప్పుడు రమణబాబు బోనుల కాడ పనికెల్తన్నాడు. తెల్దా నీకు?"

నాకు తెలీదు.

"స్టేషన్ సుట్టూ తిరిగే ఓపిక నాకు లేదమ్మా. మీ అమ్మకి అసలే లేదు. రాయి."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. వద్దని ఆమె అంటుందేమోనని ఒక నిమిషం చూశాను. అనలేదు. రాయడం మొదలుపెట్టాను. గౌరవనీయులైన అయ్యా, నా అజాగ్రత్త వలన. 'ఫలానా తేదీ' దగ్గరికి వచ్చి ఆగాను.

"ఏ తేదీ అని రాయాలి?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. బ్లీచింగ్ వేయని రోజు ఒక్కటైనా గుర్తు తెచ్చుకోవడానికి ఆయన నిజంగానే ప్రయత్నిస్తున్నాడని నాకు అర్థమైంది. ఒక్కటీ దొరకలేదు.

"నీ ఫారాల్లో సున్నా మొదట ఎప్పుడొచ్చినాదో అదే ఎయ్యి," అన్నాడు చివరికి. "ఆ రెండూ ఒక్కలాగుండకపోతే మళ్లీ అడుగుతారు."

ఏప్రిల్ పదిహేడు అని రాశాను. ఆయన అక్షరం అక్షరం చదువుకుని, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, సంతకం చేశాడు.

జూన్ నెలాఖరుకి వానలు పడ్డాయి. కొండల మీద నుంచి ఎర్రనీళ్లు దిగి ఆవ నిండింది. నాచు కొట్టుకుపోయింది. రమణబాబు చేపలు పట్టి అమ్మేసుకుని, గోల తన దాకా రాకముందే బోనులు ఎత్తేశాడు. ఆగస్టులో రిపోర్టు వచ్చింది. మంచి కాగితం మీద, రంగు బొమ్మలతో అచ్చువేశారు. జోగిమెట్ట ఆవ నీటి నాణ్యత మొత్తం మీద సంతృప్తికరమని, ఏప్రిల్, మే నెలల నమూనాలు కొన్ని సాంకేతిక కారణాల వల్ల పరిగణనలోకి తీసుకోలేదని ఉంది. నేను మళ్లీ మందుల షాపుకి వెళ్తున్నాను. నాన్నకి ఒక జీడిపిక్కల గోడౌన్లో కాపలా పని దొరికింది.

పంపు షెడ్డులో లోవరాజు అనే అబ్బాయిని వేశారు. నెమ్మదైనవాడు, పని తెలిసినవాడు. వానల తరవాత ఆవ నీళ్లు తేటపడ్డాయి కదా, నాలుగు కేజీలు వేస్తే సరిపోతోంది. నీళ్లలో క్లోరిన్ మిగులుతోంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాన్నా నేనూ బజారుకి వెళ్లాం. కూరగాయల దగ్గర గున్నమ్మ కోడలు అప్పలలక్ష్మి ఎదురైంది. నేను పక్కకి తప్పుకుందామనుకున్నాను. నాన్న ఆగాడు.

"బాగున్నావమ్మా?" అన్నాడు.

"ఏదో, ఇలగున్నాం బాబూ." ఆమె గొంతులో కోపం లేదు. సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఇప్పుడు నీళ్లు బాగున్నాయి బాబూ. కొత్తబ్బాయి బాగా సూత్తన్నాడు. నువ్వూ అలగ సూసుంటే మా అత్త ఉండును."

నేను నోరు తెరిచాను. నాచు, బోనులు, ఐసు పెట్టె, అన్నీ ఒక్కసారిగా నోటి దాకా వచ్చాయి. నాన్న నా వైపు చూడనైనా చూడలేదు.

"అవునమ్మా," అన్నాడు ఆమెతో.

ఆమె తల ఊపి, ఉల్లిపాయల బండి వైపు వెళ్లిపోయింది. నాన్న నా చేతిలో సంచి అందుకున్నాడు.

"బేగి నడు," అన్నాడు. "ఆటో ఎల్లిపోద్ది."